రాయి దక్కినవారు, దక్కనివారు: అనకాపల్లి ప్రాంత యుద్ధమృతుల అన్వేషణ

అచ్యుతాపురం చుట్టుపక్కల ఊళ్లలో యుద్ధాల్లో చనిపోయినవారి ఆనవాళ్లు వెతకాలంటే ముందు శ్మశానానికే వెళ్లాలనిపిస్తుంది. ఇంగ్లండులో స్థానిక చరిత్రకారులు చేసేది అదే. చర్చి ఆవరణలోని కుటుంబ సమాధి మీద తల్లిదండ్రుల పేర్ల కింద, ఎక్కడో ఫ్రాన్సులో చనిపోయిన కొడుకు పేరు కూడా చెక్కి ఉంటుంది. ఆ ఒక్క పంక్తి పట్టుకుని సైనిక దస్తావేజుల దాకా వెళ్తారు. మన దగ్గర ఈ దారిలో వెళ్తే కొద్దిమందే దొరుకుతారు. ఇక్కడ దస్తావేజు నుంచి బయలుదేరి కుటుంబానికి చేరుకోవాలన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

ఎందుకో తెలియడానికి మన్యం పోరాటం చాలు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు ఆ దళం తూటాలకు బలయ్యారు. వాళ్ల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. 1924 మే 7న రాజును కాల్చి చంపారు. నెల తిరిగేసరికి ఆయన అనుచరుడు గాం గంటందొర కూడా నేలకూలాడు. వీరి సమాధులు కృష్ణదేవిపేటలో ఉన్నాయి. ఒకే పోరాటంలో ఎదురెదురుగా నిలిచినవాళ్లు ఇవాళ ఒకే జిల్లా మట్టిలో ఉన్నారు. రెండు చోట్లా చూసి రాసుకోవలసిన పరిశోధకుడు సాధారణంగా ఒక చోటికే వెళ్తాడు. ఇది సరికాదు. అధికారుల రాళ్లను వదిలేస్తే దామనపల్లి తేదీకి మిగిలిన ఒక భౌతిక సాక్ష్యాన్ని వదులుకున్నట్టే.

అంతకన్నా బాధపెట్టేది మూడో వర్గం. 1922 డిసెంబరులో పెద్దగడ్డపాలెం దగ్గర కాల్పుల్లో చనిపోయిన మన్యం యువకులకు రాయి ఎక్కడుంది? వాళ్ల పేర్లు కొన్ని పోలీసు నివేదికల్లో, కోర్టు కాగితాల్లో, ఎక్కువగా వాళ్ల వంశాల నోట ఉన్నాయి. గంటందొర తమ్ముడు మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి బతికి వచ్చాడు గనుక 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు వెళ్లాడు. రాకుండా పోయినవాళ్లకు సమాధీ లేదు, శాసనమూ లేదు.

ఈ తేడాకు మూలం పాతదే. 1794 జూలై 10న ఈస్టిండియా కంపెనీ సేనతో జరిగిన పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు, ఆయన వెంట నిలిచిన క్షత్రియులు ఎందరో చనిపోయారు. రాజు పేరు అందరికీ తెలుసు, ఆయన పక్కన పడినవారి పేర్లు తెలిసినవారు అరుదు. అదే మద్రాసు రాజధానిలోని ఇంగ్లీషువారి సమాధి శాసనాలను జె.జె. కాటన్ 1905లోనే పెద్ద గ్రంథంగా అచ్చు వేశాడు. మనవారి మృతుల కోసం అలాంటి శ్రద్ధ ఎవరు చూపారు?

ప్రపంచ యుద్ధాల దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి మారింది, కానీ పూర్తిగా కాదు. దక్షిణ, తూర్పు భారతంలో చెదురుమదురుగా ఉన్న రెండో యుద్ధం నాటి సమాధులను తర్వాత చెన్నై నందంబాక్కంలోని యుద్ధ శ్మశానానికి తరలించారు. అందుకే స్థానిక శ్మశానంలో సమాధి కనిపించనంత మాత్రాన ఇక్కడ ఎవరూ చనిపోలేదని తీర్మానించకూడదు. పై దేశాల్లో చనిపోయిన హిందూ సైనికులను చాలాచోట్ల దహనం చేశారు. అలా సమాధి లేనివారి కోసం రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో దాదాపు 27,000 పేర్లున్న స్మారకం ఉంది. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితాలో రెండో యుద్ధపు భారత సైనికుల్లో చాలామందికి తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, జిల్లా రాసి ఉంటాయి. మన పరిశోధకుడికి అసలైన సమాధిరాయి ఈ పంక్తే. మొదటి యుద్ధం విషయంలో ఆ సంస్థే 2021 నివేదికలో తప్పు ఒప్పుకుంది: కనీసం 1,16,000 మందికి, ముఖ్యంగా ఆఫ్రికా, మధ్యప్రాచ్యాలకు చెందినవారికి, పేరుతో స్మారకం లేదు. భారతీయులను కూడా సమానంగా చూడలేదని అందులో ఉంది.

జాబితాలో ఊరి పేరు దొరికాక ఇంటికి వెళ్లాలి. అక్కడ అడగవలసింది సమాధి గురించి కాదు, తద్దినం గురించి. శవం రాకపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే ఆచారం మనకుంది. ఆ కర్మ ఎప్పుడు చేశారో, ఏ తిథిన తద్దినం పెడుతున్నారో పెద్దలకు గుర్తుంటుంది. ఆ తిథిని పాత పంచాంగంతో తేదీగా మార్చి జాబితాతో సరిచూడవచ్చు. అయితే కుటుంబాలు ఒక్కోసారి మరణవార్త అందిన రోజునే మరణదినంగా పాటిస్తాయి. తేదీల్లో తేడా వచ్చిందని సాక్ష్యాన్ని కొట్టిపారేయకూడదు. పింఛను పత్రాలు, పతకాలు, గోడమీది ఫొటో, పొలం గట్టున కట్టిన చిన్న సమాధి ఆ తర్వాతి మెట్లు.

అచ్యుతాపురం, రాంబిల్లి మండలాల్లో ప్రత్యేక ఆర్థిక మండలికీ, నౌకాదళ స్థావరానికీ భూములు ఇచ్చి చాలా కుటుంబాలు కొత్త కాలనీలకు తరలాయి. పొలం గట్టున ఉన్న సమాధి మనిషితో పాటు కదలదు. కాబట్టి ఈ మండలాల ఉపాధ్యాయులకు, కళాశాల చరిత్ర విద్యార్థులకు నా విన్నపం ఒకటే. మీ ఊరి నుంచి సైన్యానికి వెళ్లి తిరిగిరానివారి పేరు, తండ్రి పేరు, దళం, తద్దినం తిథి ఈ సంవత్సరమే రాసి పెట్టండి. ఇవి గుర్తున్న తరం ఇప్పటికే ఎనభై దాటింది.