డాబా మీద సోలార్ పెట్టించారా? ఆ తర్వాత చూసుకోవాల్సినవి ఇవే

డాబా మీద ప్యానెళ్లు బిగించారు. నెట్ మీటర్ వచ్చింది. రాయితీ ఖాతాలో పడింది. ఇక కరెంటు బిల్లు గురించి ఆలోచించక్కర్లేదని చాలామంది అనుకునేది ఇక్కడే. కానీ ఇంటి సోలార్‌తో ఒక చిక్కు ఉంది. అది ఆగిపోయినా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఫ్రిజ్ పాడైతే పాలు విరిగిపోతాయి. మోటారు కాలిపోతే ట్యాంకు ఖాళీ అవుతుంది. సోలార్ ఆగితే మాత్రం ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, టీవీ నడుస్తూనే ఉంటుంది. ఎందుకంటే ఆ క్షణం నుంచే డిస్కం లైను కరెంటు ఇల్లంతటికీ అందుతుంది. సంగతి బయటపడేది బిల్లు చేతికి వచ్చాకే.

పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. కోటి ఇళ్లపై సోలార్ ఏర్పాటు దీని లక్ష్యం. 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ.30,000, మూడో కిలోవాట్‌కు రూ.18,000 చొప్పున గరిష్ఠంగా రూ.78,000 కేంద్ర రాయితీ వస్తుంది. మిగతాది ఇంటివారి డబ్బో, బ్యాంకు రుణమో. ప్లాంటు సరిగా పనిచేయకపోతే ఒకవైపు ఈఎంఐ, మరోవైపు కరెంటు బిల్లు రెండూ కట్టాల్సి వస్తుంది.

ముందుగా ఏయే కాగితాలు తీసుకోవాలి?

పని పూర్తయిన రోజునే వెండర్ నుంచి ఇవి అడిగి తీసుకోండి: బిల్లు, మీరిద్దరూ సంతకం చేసిన ఒప్పందం, ప్యానెళ్లు, ఇన్వర్టర్ల వారంటీ పత్రాలు, వాటి సీరియల్ నంబర్లు, డిస్కం ఇచ్చిన కమిషనింగ్ నివేదిక. పథకం కింద పెట్టించుకుంటే ప్లాంటు ప్రారంభమైన రోజు నుంచి 5 ఏళ్లపాటు నిర్వహణ బాధ్యత వెండర్‌దే. ఒప్పందంలో ఆ మాట ఉందో లేదో చూసుకోండి. 'సర్వీసుకు వస్తే ఇంత ఇవ్వాలి' అని ఎవరైనా అడిగితే ముందు చూపించాల్సింది ఆ కాగితమే.

ఇన్వర్టర్ యాప్ లాగిన్ కూడా మీ ఫోన్ నంబరు మీదే ఉండాలి. ఖాతా వెండర్ పేరు మీద ఉంటే, రేపు ఆయన ఫోన్ ఎత్తకపోతే మీ ఇంటి లెక్కలు మీకే కనిపించవు.

రోజుకు ఎన్ని యూనిట్లు రావాలి?

తెలుగు రాష్ట్రాల్లో ఒక కిలోవాట్ ప్లాంటు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్ల దాకా ఇస్తుంది. అంటే 3 కిలోవాట్లకు సుమారు 12 యూనిట్లు. వానాకాలంలో మబ్బు పట్టిన రోజున ఇది సగానికి, ఇంకా తక్కువకూ పడిపోవచ్చు. అది లోపం కాదు.

ఎండ ఎంత మండితే అంత కరెంటు వస్తుందనుకోవడం కూడా పొరపాటే. ప్యానెళ్లకు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. ప్యానెల్ సామర్థ్యాన్ని 25 డిగ్రీల సెల్సియస్ వద్ద లెక్కగడతారు. అక్కడి నుంచి ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం దాకా ఉత్పత్తి తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ 60 డిగ్రీలకు చేరితే పదో వంతుకు మించి కోత పడుతుంది. అందుకే ఆకాశం నిర్మలంగా ఉన్న ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన యూనిట్లు చూసి, మేలో ఇంకా పెరగలేదేమని కంగారు పడక్కర్లేదు.

మొదటి మూడు నెలలు యాప్‌లో రోజువారీ యూనిట్లు చూస్తూ ఉండండి. మీ ఇంటికి ఏది మామూలో అప్పుడే తెలుస్తుంది. బాగా ఎండ కాసిన రోజున కూడా అంకె సగానికి పడిపోతే అదే మొదటి హెచ్చరిక.

యాప్‌లో ఏమీ కనిపించకపోతే ప్లాంటు ఆగినట్టేనా?

కాకపోవచ్చు. ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ మార్చినా, రౌటర్ మార్చినా యాప్‌కు సమాచారం ఆగిపోతుంది, ఉత్పత్తి మాత్రం సాగుతూనే ఉంటుంది. పగటిపూట నేరుగా ఇన్వర్టర్ తెర మీద అంకెలు చూడండి. ఎర్ర లైటు వెలిగినా, తెర మీద లోపం కోడ్ కనిపించినా ఫోటో తీసి వెండర్‌కు పంపండి.

బిల్లులో ఏం చూడాలి?

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. నెట్ మీటర్ రెండు లెక్కలు చూపిస్తుంది. లైను నుంచి మీరు తీసుకున్న యూనిట్లు ఒకటి, మీరు లైనుకు పంపినవి మరొకటి. ప్లాంటు మొత్తం ఎన్ని యూనిట్లు తయారుచేసిందో ఈ మీటరుకు తెలియదు. అది ఇన్వర్టర్‌లోనే ఉంటుంది.

ఉదాహరణకు నెలలో ప్లాంటు 330 యూనిట్లు తయారుచేసింది. అందులో 180 లైనుకు వెళ్లాయి. మిగిలిన 150 పగలు ఇంట్లోనే వాడుకున్నారు. రాత్రిళ్లు లైను నుంచి 140 తీసుకున్నారు. అంటే ఇంటి మొత్తం వాడకం 290. బిల్లులో మాత్రం 140, 180 అనే రెండే కనిపిస్తాయి. '330 రావాలి కదా, 180 అనే వేశారేంటి' అని డిస్కంతో గొడవపడే ముందు ఈ లెక్క వేసుకోండి.

అసలు ఎగుమతి గడే ఖాళీగా ఉంటే అది వేరే సమస్య. కొత్త మీటరు వివరాలు బిల్లింగ్‌లో నమోదు కావడం ఆలస్యమైతే ఇలా జరగొచ్చు. ప్రతి నెలా రీడింగ్ రోజున మీటరు తెరను ఫోటో తీసి పెట్టుకుంటే ఫిర్యాదుకు ఆధారం దొరికినట్టే. మరో మాట: సోలార్ ఉన్నా స్థిర చార్జీల వంటివి బిల్లులో ఉంటాయి. పూర్తి సున్నా బిల్లు ఆశించకండి.

కరెంటు పోతే సోలార్ ఎందుకు ఆగుతుంది?

లైను మీద పనిచేసే సిబ్బంది ప్రాణాల కోసం. సరఫరా ఆగినప్పుడు మీ ఇంటి నుంచి కరెంటు లైనులోకి వెళ్తే స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు షాక్ తగులుతుంది. అందుకే బ్యాటరీ లేని ఇన్వర్టర్ వెంటనే ఆగిపోతుంది, సరఫరా వచ్చిన కొద్ది నిమిషాలకు తనంతట తానే మొదలవుతుంది. దీన్ని తప్పించేలా ఎలక్ట్రీషియన్‌తో వైరింగ్ మార్పించడం నేరుగా ప్రాణాలతో చెలగాటం.

కరెంటు ఉన్నా మధ్యాహ్నం పూట ఇన్వర్టర్ పదేపదే ఆగుతోందా? లైనులో వోల్టేజీ పరిమితి దాటి ఉండొచ్చు. అప్పుడు తప్పు ప్యానెల్‌ది కాదు, ఫిర్యాదు చేయాల్సింది డిస్కంకు.

ప్యానెళ్లు ఎలా కడగాలి?

దుమ్ము పేరుకుంటే ఉత్పత్తి తగ్గుతుంది. వేసవిలో రెండు వారాలకోసారి, రోడ్డు పక్కన ఇల్లయినా, దగ్గర్లో కట్టడం పని జరుగుతున్నా వారానికోసారి కడగడం మంచిది. వానాకాలంలో ఆ పని చాలావరకు వానే చేస్తుంది.

పొద్దున్నే గానీ, సాయంత్రం ప్యానెల్ చల్లబడ్డాక గానీ కడగండి. మండుటెండలో కాగిన అద్దం మీద చల్లటి నీళ్లు కుమ్మరిస్తే పగుళ్లు రావచ్చు. మెత్తటి గుడ్డ, మాపు వాడండి. సబ్బు పొడి, ఇనుప పీచు వద్దు. హైదరాబాద్ లాంటి చోట్ల బోరు నీళ్లు ఆరితే అద్దం మీద తెల్లటి చారలు కడతాయి. మంచినీటి కుళాయి నీళ్లో, పట్టి పెట్టుకున్న వాన నీళ్లో మేలు. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లు పొదుపనుకొని వాడకండి, వాటిలో లవణాలు ఇంకా ఎక్కువ.

ప్యానెల్ మీద కాలు పెట్టకండి. పైకి కనిపించని పగుళ్లు లోపల ఏర్పడతాయి. ఇన్వర్టర్ ఆపేసినా పగలు ప్యానెళ్ల తీగల్లో 200 వోల్టులకు పైగా ఉండొచ్చు. తెగిన తీగను, ఊడిన కనెక్టర్‌ను ముట్టుకోవద్దు. ఎత్తయిన షెడ్డు మీదుంటే మీరే ఎక్కకుండా మనిషిని పిలవండి.

నీడ, గాలి, ఎర్తింగ్

ఒక ప్యానెల్ మీద పడే చిన్న నీడ కూడా ఆ వరుస మొత్తం ఉత్పత్తిని తగ్గించవచ్చు. పక్కింటి కొత్త అంతస్తు, పెరిగిన కొబ్బరి మట్ట, డిష్ యాంటెన్నా, ఆరేసిన దుప్పటి అన్నీ నీడే. సంక్రాంతి అయ్యాక గాలిపటాల దారాలు ఫ్రేములకు చుట్టుకొని ఉన్నాయేమో చూడండి. పావురాలు ప్యానెళ్ల కింద గూళ్లు పెడితే వల బిగించమని అడగండి.

కోస్తా జిల్లాల్లో తుపాన్ల కాలానికి ముందే స్టాండు బోల్టులు, క్లాంపులు బిగుతుగా ఉన్నాయో లేదో వెండర్‌తో చూపించుకోండి. తుప్పు పట్టిన బోల్టును వెంటనే మార్పించాలి. ఎండాకాలంలో ఎర్తింగ్ గుంతలు పూర్తిగా ఎండిపోకుండా నీళ్లు పోయండి. వాన రోజునే ఇన్వర్టర్ లోపం చూపిస్తే తీగల్లోకో, కనెక్టర్లలోకో తడి చేరి ఉండొచ్చు. అది వెండరే చూడాలి.

ఎవరికి చెప్పాలి?

ప్యానెల్, ఇన్వర్టర్, తీగలు, స్టాండు అయితే వెండర్‌కు. ఫోన్‌తో పాటు వాట్సాప్‌లోనో, మెయిల్‌లోనో రాతపూర్వకంగా చెప్పండి. స్పందన లేకపోతే సూర్యఘర్ సహాయ కేంద్రం 15555. మీటరు, బిల్లు, వోల్టేజీ అయితే డిస్కం 1912. అక్కడా తేలకపోతే విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లవచ్చు.

నెలకు పది నిమిషాలు

నెల మొదటి తేదీన ఇన్వర్టర్ అంకె, మీటరులోని రెండు అంకెలు ఫోన్‌లో రాసుకోండి. కిందటి నెలతో, వచ్చే ఏడాది నుంచి కిందటేడు అదే నెలతో పోల్చండి. 3 కిలోవాట్ల ప్లాంటు పది రోజులు ఆగితే పోయేది 120 యూనిట్లు. ఆ యూనిట్లు లైను నుంచి కొనాల్సి వస్తుంది. వాడకం పెరిగేకొద్దీ స్లాబు మారి ధర కూడా పెరుగుతుంది. పది నిమిషాల లెక్కతో ఆ నష్టాన్ని పది రోజుల దగ్గరే ఆపవచ్చు. చూడకపోతే అది ఎన్ని నెలలు సాగుతుందో బిల్లు చూసే దాకా తెలియదు.