గుల్లసున్నములోని మెరెట్రిక్స్

గుంటూరు, ఒంగోలు ప్రాంతములలో పత్తి, మిరప పండు నల్లరేగడి పల్లెలకు సున్నము రెండు దారుల వచ్చెడిది. ఒకటి పల్నాటి రాతిని కాల్చినది. రెండవది సముద్రతీరపు గుల్లసున్నము. తాంబూలమునకు గుల్లసున్నమే మేలని పెద్దలందురు. పల్నాటి సున్నపురాయియు ఒకనాటి సముద్రపు అడుగే. కాని ఆ రాయి ఏర్పడునాటికి లోకములో గుల్ల అనునదే పుట్టలేదు!

ఆంధ్ర తీరమున బట్టీకెక్కిన గుల్లలలో మెరెట్రిక్స్ ప్రజాతికి చెందినవి కలవు. ఏరులు సముద్రమున కలియు చోట ఇసుకలో ఒదిగి, నీటిని వడగట్టి, అందలి సూక్ష్మజీవులను తిని బ్రతుకును. రెండు చిప్పలు, నున్నని పైభాగము, ఇంచుమించు త్రికోణాకారము.

వీని పేర్ల కథ చిత్రమైనది. 1758లో స్వీడను శాస్త్రజ్ఞుడు లిన్నేయసు ఒక గుల్లకు వీనస్ మెరెట్రిక్స్ అని పేరు పెట్టెను. వీనస్ రోమనుల ప్రేమదేవత. మెరెట్రిక్స్ అనగా లాటినులో వెలయాలు. 1791లో గ్మెలిన్ మరియొక గుల్లకు కాస్టా, అనగా శీలవతి, అని పేరిడెను. 1799లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లామార్కు వీనస్ నుండి వేరుచేసి మెరెట్రిక్స్ ప్రజాతిని నెలకొల్పెను. తరువాత చిన్న గుల్ల అందులో చేరి మెరెట్రిక్స్ కాస్టా, అనగా శీలవతియైన వెలయాలు అయినది! ఈ పేర్లు పెట్టినవారి అభిరుచిని తెలుపునే గాని, బురదలోని ప్రాణిని గూర్చి ఏమియు చెప్పవు. జపానులోని లుసోరియా పేరు కొంత నయము. దానికి ఆటకు చెందినదని అర్థము. ఒక గుల్ల చిప్పకు దాని జతచిప్పయే సరిగా అమరును గనుక, జపానీయులు లోపల బొమ్మలు వేసి జతలు కలుపు ఆట ఆడెడివారు.

అసలు చిక్కు జాతుల నిర్ణయములో ఉన్నది. ఒకే జాతిలో తెల్లనివి, గోధుమరంగువి, వంకరగీతలవి కనబడును. ఐరోపా అలమారలలో ఒట్టి చిప్పలనే చూచినవారికి రంగు రంగుకొక జాతి తోచినది. చైనా తీరపు గుల్లల విభజనను ఈ శతాబ్దపు జన్యు పరిశోధనలు మరల ప్రశ్నించినవి. మన తీరమున జీవించు తావు కొంత ఆధారమిచ్చును: కాస్టా ఉప్పు తగ్గిన వెనుకటి నీటిలోను బాగుగా బ్రతుకును. గుంటూరు మదరాసు రాజధానిలో ఉన్న కాలమున, 1917లో, జేమ్స్ హార్నెల్ ఆ రాజధాని తీరపు తినదగిన గుల్లలను గూర్చి గ్రంథము వ్రాసెను.

బట్టీకి ఏ జాతియైనను ఒకటే. కాని జాతి తెలియనిదే అది ఎప్పుడు గుడ్లు విడుచునో, ఎంత పెరుగువరకు ఏరక విడువవలెనో నిర్ణయింపలేము. చిప్పమీది పెరుగుదల గీతలు ఇందుకు కొంత తోడ్పడును. కాల్చగా చిప్పలోని బొగ్గుపులుసు వాయువు పోవును. నీరు చల్లగా సున్నమగును. గోడమీద ఆరుచు, గాలిలోని అదే వాయువును మరల గ్రహించి, వెల్ల తిరిగి చిప్పలో ఉండిన కాల్షియం కార్బొనేటే అగును. ఆ గీతలు మాత్రము తిరిగి రావు.