మూసలో గడిచిన గంటలు

నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో తయారైన ఉక్కు ముద్దల కోసం ఒకప్పుడు పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. 1820 ప్రాంతంలో ఆ కొలుములను చూసిన హెన్రీ వాయ్‌సీ శస్త్రవైద్యుడు. త్రికోణమితి సర్వేలో భూగర్భశాస్త్రజ్ఞుడిగా కూడా పనిచేశాడు. 1824లో మరణించాడు. అతని వివరణ 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. రెండు తావుల ఇనుమును 3:2 పాళ్లలో మట్టిమూసలో వేస్తారు. మూసను 24 గంటలు కొలిమిలో ఉంచుతారు. చల్లారిన ముద్దకు మట్టి పూసి 12 నుంచి 16 గంటలు కాచి, ఆరనిచ్చి, మళ్లీ కాస్తారు. సుత్తికి లొంగేదాకా మూడు నాలుగు సార్లు ఇదే పని. దినుసుల కంటే గంటలకే ఎక్కువ చోటున్న లెక్క అది.

ఐరోపా మాత్రం దినుసుల వెంట పడింది. ఇనుముకూ ఉక్కుకూ భేదం కర్బనమేనని ఫ్రెంచి రసాయనవేత్తలు 1786లోనే తేల్చారు. 1794లో బొంబాయి నుంచి హెలినస్ స్కాట్ అనే వైద్యుడు లండనుకు ‘వూట్జ్’ నమూనాలు పంపాడు. (ఆ పేరు మన ‘ఉక్కు’కు వచ్చిన వికృతి అని పలువురి అభిప్రాయం.) 1819లో దాన్ని విశ్లేషించిన ఫారడే, అల్యూమినా కనబడగానే రహస్యం దొరికిందనుకున్నాడు. ఆపై కత్తుల నిపుణుడు స్టోడార్ట్‌తో కలిసి ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం కలిపి చూశాడు. మిశ్రలోహ పరిశోధనకు అది గొప్ప ఆరంభమే, కాని కోనసముద్రానికి అది దారి కాదు.

శుద్ధమైన ఇనుము 1538 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాని కరగదు. కర్బనం 4.3 శాతం చేరితే 1147 డిగ్రీలు చాలు. అంటే మూసలోని ఇనుము కరగడం వేడిమి ఒక్కదాని పని కాదు. కర్బనం ఎంత త్వరగా లోపలికి చేరుతుందన్నది ముఖ్యం. ఘనలోహంలో ఈ వ్యాపనం మహా మందం. చేరవలసిన లోతు రెట్టింపైతే కాలం నాలుగింతలవుతుంది. పైపొరలో కర్బనం పెరిగి ద్రవం పుట్టాకనే వేగం పుంజుకుంటుంది. 24 గంటలు ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది.

ఈ లెక్కకు పునాది వేసినవాడూ వైద్యుడే. శరీరధర్మ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ ఫిక్ 1855లో వ్యాపన నియమాన్ని చెప్పాడు. ఉష్ణోగ్రతతో చర్యావేగం ఎలా పెరుగుతుందో 1889లో అరీనియస్ సూత్రీకరించాడు. ఘనలోహంలో వ్యాపనాన్ని కొలిచి చూపింది రాబర్ట్స్-ఆస్టిన్. 1896లో, సీసంలోకి పాకే బంగారంతో. కోనసముద్రం పనివారి గంటలకు భాష దొరకడానికి వాయ్‌సీ తర్వాత ముప్పావు శతాబ్దం పట్టింది.

ఫారడే పూర్తిగా పొరబడలేదు కూడా. 1998లో వెర్‌హోవెన్, పెండ్రే, డౌక్ష్ డమాస్కస్ కత్తులను పరీక్షించి, 0.003 శాతం వంటి స్వల్ప వెనేడియం కూడా వాటి నీటిచారల వంటి నమూనాకు కారణం కాగలదని చూపారు. ముద్ద నెమ్మదిగా గట్టిపడేటప్పుడు వెనేడియం స్ఫటికాల కొమ్మల నడుమ సందుల్లో పోగవుతుంది. తర్వాత పదేపదే కాచి సాగగొట్టినప్పుడు కర్బనపు గట్టి రేణువులు ఆ వరుసల్లోనే పెరుగుతాయి. ఆ వెనేడియం ఖనిజంలోంచి వచ్చేది. వరుసలు కట్టించేది మాత్రం కొలిమి దగ్గర గడిపిన ఆ గంటలే.