నగర పేదల గూడు: ఐ.డి.హెచ్‌. కాలనీ నుంచి కొల్లూరు దాకా

హైదరాబాద్‌ నగరంలో నిరుపేదలకు గృహవసతి కల్పించే ప్రయత్నం నేటిది కాదు. 1908 సెప్టెంబరులో మూసీ ఉప్పొంగి వేలాది ప్రాణాలను బలిగొన్న తరువాత, నగర పునర్నిర్మాణం కోసం నిజాం ప్రభుత్వం 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్‌ బోర్డును నెలకొల్పింది. ఇరుకు బస్తీలను తొలగించి గాలి, వెలుతురు ఉండే ఇళ్లను తక్కువ అద్దెకు ఇవ్వడం ఆ బోర్డు పనుల్లో ఒకటి. 1960లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌ హౌసింగ్‌ బోర్డు ఆ దారినే నడిచినా, కూకట్‌పల్లి వంటి కాలనీలు కాలక్రమంలో మధ్యతరగతికి నెలవయ్యాయి. కూలి జనం బస్తీల్లోనే మిగిలారు.

బస్తీని కూల్చకుండా అక్కడే బాగుచేయాలన్న ఆలోచనకు 1967లో మొదలైన పట్టణ సామాజికాభివృద్ధి పథకం నాంది పలికింది. స్థలానికి పట్టా, కొంత రుణం సమకూరిస్తే ఇల్లు తామే కట్టుకుంటారన్నది దాని సారాంశం. బ్రిటన్‌ ప్రభుత్వ సహాయంతో 1980వ దశకంలో ఇది మరింత విస్తరించింది. ఇంత చవకైన పద్ధతి మరొకటి నగరానికి నేటికీ దొరకలేదనడం అతిశయోక్తి కాదు.

2000 తరువాత పరిస్థితి మారింది. 2001లో వాంబే, 2005 డిసెంబరులో జె.ఎన్‌.ఎన్‌.యు.ఆర్‌.ఎం. పథకాలు కేంద్రం నుంచి వచ్చాయి. బ్యాంకు రుణం, లబ్ధిదారు వాటాతో రాజీవ్‌ గృహకల్ప వచ్చింది. నగరం నడుమ భూమి బంగారమైపోవడంతో ఈ బ్లాకులు శివార్లకు చేరాయి. గోడలు లేచినా మంచినీరు, బస్సు సకాలంలో చేరని చోట్ల ఇళ్లు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయాయి. ఇంటికి కావలసింది పైకప్పు ఒక్కటే కాదన్న సంగతి అప్పుడే రుజువైంది.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత 2015లో రెండు పడక గదుల ఇళ్ల పథకం ఆరంభమైంది. 560 చదరపుటడుగుల విస్తీర్ణంలో రెండు పడక గదులు, హాలు, వంటగది, రెండు మరుగుదొడ్లు. లబ్ధిదారు నుంచి పైసా వసూలు లేదు. అంతకు ముందరి పథకాల్లో ఒంటి గదితో సరిపెట్టుకున్న కుటుంబాలకు ఇది ఊహకందని సౌకర్యమే. సికింద్రాబాద్‌ న్యూ బోయిగూడలోని ఐ.డి.హెచ్‌. కాలనీలో శిథిలమైన పాత ఇళ్ల స్థానంలో 396 ఇళ్లను నిర్మించి 2015 నవంబరులో ప్రారంభించారు. ఉన్నచోటనే ఇల్లు కనుక వాడకట్టు చెదరలేదు. పిల్లల బడి, పెద్దల పని, కిరాణా దుకాణంలో అరువు ఖాతా అన్నీ యథాతథంగా నిలిచాయి. రాష్ట్రం నలుమూలల నుంచి జనం వచ్చి ఆ కాలనీని చూసిపోయారు.

అయితే ఆ నమూనా నగరమంతటా సాధ్యపడలేదు. అప్పటి జీహెచ్‌ఎంసీకి లక్ష ఇళ్లు మంజూరు కాగా, బస్తీ ఉన్నచోటనే కట్టదలచినవి సుమారు 9 వేలు మాత్రమే. మిగిలిన 91 వేలు ఖాళీ ప్రభుత్వ భూముల్లో, అంటే అత్యధికం నగరానికి దూరంగా కట్టవలసి వచ్చింది. కారణాలు అందరికీ తెలిసినవే. బస్తీలో కట్టాలంటే ముందుగా అక్కడివారు ఖాళీ చేయాలి. నిర్మాణం ముగిసేదాకా అద్దె ఇంట్లో తలదాచుకోవాలి. పట్టా ఉన్నవారు, లేనివారు, ఒకే గడపలో రెండు మూడు కుటుంబాలవారు అందరూ ఒక మాట మీదకు రావాలి. ఖాళీ భూమిలో ఈ తగవులేవీ ఉండవు. గుత్తేదారుకూ అధికారికీ అదే సులువు.

ఆ సులువుకు నిలువెత్తు రూపమే కొల్లూరు. సంగారెడ్డి జిల్లాలో, బాహ్యవలయ రహదారి చెంత 145 ఎకరాల్లో 117 బ్లాకులు, 15,660 ఇళ్లు. వ్యయం దాదాపు రూ.1,489 కోట్లు, ఇంటికి సగటున తొమ్మిదిన్నర లక్షలు. 2023 జూన్‌ 22న ప్రారంభమైన ఈ సముదాయం జనసంఖ్యలో ఒక చిన్న పట్టణానికి తీసిపోదు. తొమ్మిది, పది, పదకొండు అంతస్తుల భవనాలు, లిఫ్టులు, రహదారులు, దుకాణాల సముదాయాలు ఉన్నాయి. నిర్మాణపరంగా నగరం సాధించిన ప్రగతికి ఇది నిదర్శనమనడంలో సందేహం లేదు.

చిక్కు పంపిణీలో వచ్చింది. లక్ష ఇళ్లకు 7 లక్షలకు పైగా దరఖాస్తులు అందాయి. లాటరీ అనివార్యమైంది. 2023 సెప్టెంబరు 2న తొలివిడతగా దాదాపు 11,700 మందికి ఇళ్లు అందజేశారు. చీటీలో పేరు వచ్చినవారికి ఇల్లు దక్కింది గానీ, ఎక్కడన్నది వారి చేతిలో లేదు. మలక్‌పేటలో నాలుగిళ్లలో పనిచేసుకునే మహిళకు కొల్లూరులో ఇల్లు వస్తే దూరం ముప్పై కిలోమీటర్ల పైమాటే. తెల్లవారుజామున ఆరు గంటలకు యజమాని గడపలో ఉండవలసిన మనిషి ఏ వేళకు లేవాలి? అడ్డా కూలీదీ, తోపుడు బండివాడిదీ ఇదే ఇబ్బంది. పనిచోటు దూరమైనవారు ఇంటికి తాళం వేసి పాత బస్తీలోనే అద్దెకు ఉండిపోవడం, మరికొందరు నిబంధనలకు విరుద్ధంగా ఆ ఇంటిని అద్దెకివ్వడం ఇందువల్లనే. వారిని తప్పుపట్టడం తేలిక. నెలకు అయ్యే బస్సు, ఆటో ఖర్చు లెక్కవేస్తే అంత తేలిక కాదు.

నిర్వహణ మరొక సమస్య. నేలమీది ఇంటికి లిఫ్టు బిల్లు ఉండదు. పది అంతస్తుల భవనంలో లిఫ్టు ఆగిపోతే ముసలివారికి ఇల్లే చెరసాల. దుకాణాల అద్దెతో ఈ ఖర్చు భరించాలన్నది మొదటి యోచన. దుకాణం నడవాలంటే ముందు ఇళ్లు నిండాలి కదా.

మూసీ గర్భంలోని నివాసాల తొలగింపు 2024 సెప్టెంబరులో మొదలైనప్పుడు, చాదర్‌ఘాట్‌ పరిసరాల కుటుంబాలకు ఈ ఇళ్లనే చూపారు. దగ్గరలోని మలక్‌పేట పిల్లిగుడిసెల సముదాయం దక్కినవారు సామాను సర్దుకున్నారు. దూరం పంపుతారేమోనన్న భయం ఉన్నచోట ప్రతిఘటన ఎదురైంది. ఒకే పథకం, ఒకే విస్తీర్ణం. తేడా అల్లా దూరంలోనే ఉంది.

2024 మార్చి 11న భద్రాచలంలో ఆరంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకం మరో మార్గం పట్టింది. సొంత స్థలం ఉన్నవారికి రూ.5 లక్షలు విడతలవారీగా అందించడం దీని పద్ధతి. పల్లెల్లో ఇది సాఫీగా సాగే విధానమే. హైదరాబాద్‌లో మాత్రం పేదవానికి లేనిదే స్థలం. ఉన్న కొద్దిమందికీ చేతిలో ముప్పై, నలభై గజాలకు మించదు. దానికీ కాగితం సరిగా ఉండదు. 2014 డిసెంబరు నాటి 58వ నంబరు జీవో ప్రకారం, అభ్యంతరం లేని ప్రభుత్వ భూమిలో 125 గజాల లోపు ఆక్రమణను పేదలకు ఉచితంగా క్రమబద్ధీకరించారు. చెరువు శిఖం, నాలా, పార్కు స్థలాల్లో ఉన్నవారికి అది వర్తించలేదు. నగరంలో ఎక్కువ ఇక్కట్లు పడుతున్నది వారే.

కనుక ఎన్ని ఇళ్లు కట్టారన్న ఒక్క అంకెతో నగర ప్రగతిని కొలవలేము. ఏ బస్తీవారికి ఎంత దూరంలో ఇల్లు ఇచ్చారు, అందులో ఎన్నింట పొయ్యి వెలుగుతోంది అన్న వివరాలను వార్డులవారీగా ప్రకటించడం ప్రభుత్వానికి కష్టమైన పనేమీ కాదు. దరఖాస్తు రసీదులు దాచుకొని ఎదురుచూస్తున్న కుటుంబాలు అడుగుతున్నదీ అదే.