కారెడి కార్లు

తెలుగున ‘కారు’ అను క్రియకు స్రవించుట అని అర్థము. ఇంగ్లీషు నుండి మనకు వచ్చిన ‘కారు’ మోటారు బండి. ఈ రెండు మాటలును ఒక్కచోట కలిసిన చరిత్ర యొకటి కలదు. అది పైకప్పు తీసివేయదగిన స్పోర్ట్సు కార్ల చరిత్ర.

మోటారు బండి పుట్టిన నాడు దానికి కప్పు లేదు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రముల బండిలో కూర్చున్నవారికి ఆకాశమే కప్పు. తరువాత సాధారణపు కార్లకు ఉక్కు కప్పులు అమరెను. స్పోర్ట్సు కార్లు నడుపువారు మాత్రము గాలిని, వెలుతురును వదులుకొన నొల్లక, కావలసినపుడు వేసికొని, వలదన్నపుడు తీసివేయు కప్పునే కోరిరి. ఆ కోరికకు వారు చెల్లించిన సుంకమే వాననీరు.

తొలి కప్పు గుడ్డ కప్పు; గుర్రపు బండ్ల నుండి సంక్రమించినది. రెండు గుడ్డల నడుమ రబ్బరు పొర నుంచి నీరు దిగని వస్త్రమును చేయు విధమునకు స్కాట్లండు వాసి చార్లెస్ మాకింటాష్ 1823లోనే పేటెంటు పొందియుండెను. వస్త్రము నీటి నాపినను కుట్లును, అంచులును ఆపవు గదా! 1945లో వెలువడిన ఎం.జి. టి.సి. కారుకు గాని, 1948లో లండను ప్రదర్శనమున చూపరుల నాకర్షించిన జాగ్వార్ ఎక్స్.కె. 120 కారుకు గాని తలుపులలో పైకి లేచు అద్దములు లేవు. ప్రక్కలకు తగిలించు తెరలే దిక్కు. 1953 నాటి షెవ్రొలే కార్వెట్ అట్టిదే. దానికి తలుపు అద్దములు 1956లో గాని రాలేదు.

గుడ్డకు బదులు గట్టి పలకలు అమర్చిన బాధ తీరునని కొందరు తలచిరి. అమెరికా శిల్పి గోర్డన్ బ్యూరిగ్ నడుమ నొక దూలమును నిలిపి, దాని కిరువైపుల రెండు పలకలను తీసిపెట్టు కప్పునకు 1951లో పేటెంటు పొందెను. 1961లో ట్రయంఫ్ టి.ఆర్.4 కారు, వెనుక అద్దము కదలక నిలువగా, నడుమ పలక మాత్రము ఊడివచ్చు ఏర్పాటుతో వచ్చెను. 1965లో పోర్షె సంస్థ 911 టార్గా కారును ప్రదర్శించెను. కప్పులేని కార్లను అమెరికా ప్రభుత్వము నిషేధించునేమో యను భయము ఆనాడు ప్రబలియుండెను. ఆ నిషేధము రానేలేదు; దాని భయమున పుట్టిన కప్పులు మాత్రము మిగిలినవి.

1968 కార్వెట్ కథ మరింత బోధకరము. మొదట దానికి ఒకే పలక కప్పు నమర్ప దలచిరి. కాని పైకప్పు లేని శరీరము గతుకులలో మెలితిరుగుట చూచి, నడుమ దూలము పెట్టి పలకను రెండు చేసిరి. బలము పెరిగెను, అతుకులును పెరిగెను. అతుకు ఉన్నచోటనే గదా నీరు త్రోవ వెదకుట!

ఇల్లు కదలదు, కారు కదలును. చక్రము గతుకున పడినపుడెల్ల కప్పునకు, చట్రమునకు నడుమ సందు రవంత విచ్చి మూసికొనుచుండును. వేగము హెచ్చినకొలది కారు పైన గాలి పీడనము తగ్గి, గుడ్డ ఉబ్బును, తలుపు అద్దము వెలుపలికి లాగబడును. ఇక రబ్బరు పట్టీ సంగతి: ఏండ్ల తరబడి నలిగిన రబ్బరు మరల పొంగదు, గాలిలోని ఓజోను దానిని నెరియలు వార్చును.

మన పెంకుటింటి వడ్రంగి యెరిగిన రహస్యమునే మంచి కారు శిల్పియు ఎరుగును. నీటిని రానీయకుండుట యొక్కటే చాలదు. వచ్చినదానిని దోని గుండ వెలుపలికి పంపవలెను. కావుననే పలు కార్లలో పట్టీ వెనుక చిన్న కాలువలును, స్తంభములలో గొట్టములును ఉండును. వానిలో ఆకులు, దుమ్ము చేరినచో క్రొత్త పట్టీ వేసినను నీరు లోపలికే దిగును.

తడిసిన ఆసనము ఎండును. తివాచీ క్రింద నిలిచిన నీరు మాత్రము ఉక్కు నేలను తుప్పుతో తినివేయును. కార్వెట్ శరీరము గాజునారతో చేసినది గనుక తుప్పు పట్టదు. కాని ముందు అద్దము చుట్టు లోపల ఉక్కు చట్రమొకటి యున్నది. దానికి ‘పక్షిపంజరము’ అని వాడుక. పైకి నిగనిగలాడు కారులో ఈ పంజరము గుల్లయై యుండవచ్చును. పాత కారును కొనువారు మొదట చూడవలసినది రంగును గాదు, దీనిని.

నేడు ఈ కార్లను కాపాడువారు తొందరపడి జిగురు పూయరు. తలుపునకు, పట్టీకి నడుమ కాగితపు ముక్క నుంచి లాగి చూతురు; సులువుగ వచ్చినచోట బిగువు లేదు. క్రిందినుండి పైకి కొంచెము కొంచెముగ నీరు పోయుచు, మరియొకరిని లోపల కూర్చుండబెట్టి త్రోవ కనుగొందురు. తలుపును, పలకను సరిగా కుదిర్చిన పిదపనే క్రొత్త పట్టీ వేయుదురు. ఓజోనుకు లొంగని ఇ.పి.డి.ఎం. రబ్బరు 1960 దశకము నుండి వాడుకలోనికి వచ్చుటచే ఈ పని కొంత సులభమైనది.

ఇంతచేసినను జడివానలో ఒకటి రెండు చుక్కలు రాలవచ్చును. వానిని చూచి నాటి పనివారిని నిందించుట న్యాయము గాదు. ఆకాశమును తలపై నుంచుకొనవలెనన్న కోరిక వారిది గాదు, కొన్నవారిది. ఆ చుక్కను తుడిచి ఊరకుండుట గాక, అది వచ్చిన త్రోవను వెదకువాని చేతిలోనే ఆ పాత కారు ఆయువున్నది.