చిన్న దీవిలో బ్యాంకు కొలువు

ఒరే నాన్నా, మంట దగ్గరకు జరుగు. బహ్రెయిన్ నుంచి ఉద్యోగం వస్తే "అంత చిన్న ఊరా తాతయ్యా" అని మొహం చిట్లించావు. నేను బ్యాంకు పని నేర్చుకున్నది అక్కడే. మన కోనసీమంత కూడా ఉండదు ఆ దేశం.

అప్పటికి నేను బందరులో బ్యాంకు గుమాస్తాని. బ్యాంకు వాళ్ల పరీక్ష సీఏఐఐబీ రెండు భాగాలూ పాసయ్యాను గానీ లెడ్జరు దాటి ముందుకెళ్లే దారి కనబడలేదు. పేపర్లో ప్రకటన చూసి మా మేనమామ దరఖాస్తు పెట్టించాడు. గల్ఫంటే ఇటికల పనికీ ఇంటి పనికీ వెళ్లేవాళ్లే అనుకునే రోజులవి. అక్కడ బ్యాంకులుంటాయా అని మీ ముత్తాత నమ్మలేదు.

ఉన్నాయి, ఊరిని మించి ఉన్నాయి. ఎందుకంటావా? 1973లో చమురు ధర ఎగిసి అరబ్బుల చేతిలో డబ్బు కుప్పపడింది. అంతకుముందు ఆ ప్రాంతం డబ్బు వ్యవహారాలకు బీరూట్ పెద్ద కేంద్రం. 1975లో లెబనాన్‌లో అంతర్యుద్ధం మొదలైంది, బ్యాంకులు వేరే చోటు వెతుక్కున్నాయి. బహ్రెయిన్‌కి సొంత చమురు కొంచెమే. ఆ సంగతి వాళ్లకు ముందే తెలుసు కాబట్టి, అదే ఏడాది విదేశీ బ్యాంకులకు ఆఫ్‌షోర్ లైసెన్సులిచ్చారు. బయటి దేశాలతో వ్యాపారం చేసుకోండి, మా జనం డిపాజిట్ల జోలికి రావద్దు, పన్ను వెయ్యం అన్నారు. పైగా సింగపూర్ కొట్టు కట్టేసి లండన్ తెరిచే మధ్యవేళ వాళ్లకు పగలు.

ఇంకో మాట విను. 1965 దాకా అక్కడ చెల్లింది మన రూపాయే. 1959 నుంచి రిజర్వు బ్యాంకు గల్ఫు కోసం విడిగా నోట్లు అచ్చువేసింది. దినారు వచ్చినప్పుడు పది రూపాయలకు ఒకటి లెక్కన మార్చుకున్నారు. నేను వెళ్లేసరికి దినారు ఇరవై రూపాయలు దాటేసింది. ఆ దినారుకు వెయ్యి ఫిల్సులు. చుక్క తర్వాత మూడంకెలు వెయ్యాలి. పైసలకు అలవాటుపడి రెండంకెలతో ఆపేసే కొత్తవాళ్లని మా ఆఫీసరు మొదటి వారమే పట్టుకునేవాడు.

మాది చిన్న ఆఫీసు, అందరం కలిస్తే ఒక బస్సు నిండదు. అదే నా అదృష్టం. బొంబాయిలో నా తోటివాళ్లు ఒకే సెక్షన్లో గానుగెద్దుల్లా ఏళ్లకేళ్లు తిరిగారు. నేను పొద్దున నోస్ట్రో ఖాతాలు, అంటే విదేశీ బ్యాంకుల్లో మాకున్న ఖాతాలు, టాలీ చేసేవాణ్ణి, మధ్యాహ్నం సరుకుల వ్యాపారానికి బ్యాంకు హామీ ఇచ్చే ఎల్సీ కాగితాలు చూసేవాణ్ణి, టెలెక్సు మనిషి రాకపోతే సందేశం అసలుదో కాదో తేల్చే టెస్ట్ కీ లెక్క కట్టేవాణ్ణి. పక్క బల్లే కరెన్సీ డీలరుది. అతను ఫోన్లో బేరం కుదిర్చిన సొమ్ము ఏ ఖాతాలోంచి ఏ ఖాతాకు వెళ్లిందో సాయంత్రానికి నా చేతి మీదుగానే తెలిసేది.

సౌదీ రియాల్, డాలర్ మారకం మా ప్రధాన వ్యాపారం. సౌదీలో అప్పట్లో శుక్రవారం మూత, శనాదివారాలు పని. న్యూయార్కులో శనాదివారాలు మూత. రియాల్ శనివారం ఇచ్చేస్తే డాలర్ సోమవారం గానీ చేతికి రాదు. ఆ రెండురోజుల వడ్డీ ఎవరు భరించాలి? అదంతా ధరలో కట్టాలి. సొమ్ము నిజంగా చేతులు మారే తేదీ, అదే వాల్యూ డేటంటే ఏమిటో ఏ పుస్తకమూ చెప్పనంత బాగా ఆ దేశం చెప్పింది నాకు.

1982 ఆగస్టు మరిచిపోలేను. కువైట్‌లో సూక్ అల్ మనాఖ్ అని షేర్ల బజారు. రాబోయే తేదీ వేసిన చెక్కులిచ్చి షేర్లు కొనేవారు. అక్కడి చట్టం ప్రకారం చెక్కు మీద ఏ తేదీ ఉన్నా, చూపిన రోజే చెల్లాలి. కొందరు ముందే చూపించారు, డబ్బు లేదు, మొత్తం కూలింది. తేలని చెక్కుల విలువ దాదాపు 94 బిలియన్ డాలర్లన్నారు! ఆ షేర్లలో చాలా కంపెనీలు బహ్రెయిన్‌లోనూ ఎమిరేట్సులోనూ నమోదైనవే. ఆ కాగితాల మీద అప్పివ్వనని అంతకుముందే మొండికేసిన మా క్రెడిట్ ఆఫీసరుకు, ఆ వారం మేనేజరు లేచి నిలబడి చెయ్యి కలిపాడు. ఆ రోజు నేను ఆ గదిలోనే ఉన్నాను. పెద్ద ఊళ్లో అయితే నాలాంటి గుమాస్తాకు ఆ గది తలుపు కూడా తెలిసేది కాదు.

కష్టమూ చెప్తాను. నిచ్చెన పొట్టిది, అప్పట్లో పైమెట్టు మీద మనవాళ్లని కూర్చోబెట్టేవారు కాదు. స్నేహితుడొకడు యజమాని దగ్గర పాస్‌పోర్టు ఇరుక్కుని, తండ్రి పోతే కర్మకి రాలేకపోయాడు. ఒక బ్యాంకులో మాటపోతే దీవంతా తెలిసిపోతుంది, ఇంకో బ్యాంకు పిలవదు. చమురు ధర పడితే ఉద్యోగాలూ పడతాయి. 1986లో అది చూశాను.

అయినా నీ వయసులో నేనుంటే వెళ్తాను. ఆ ఆఫీసులో ఎంతమంది పనిచేస్తారో, నిన్ను ఒక బల్లకే కట్టేస్తారా, అన్ని పనులూ తిప్పుతారా, సంతకం పెట్టకముందే అడుగు. జీతం తర్వాత అడుగు. పాస్‌పోర్టు మాత్రం నీ పెట్టెలోనే పెట్టుకో, ఎవరడిగినా ఇవ్వకు.