ఆర్డర్ ఫారం మీద టిక్కులు: బెంగళూరులో స్పోర్ట్స్ కారు ఎంచుకోవడం ఎలా మారింది

కొత్త స్పోర్ట్స్ కారు బుక్ చేయడానికి వెళితే ఇప్పుడు షోరూమ్‌లో ముందు బండి చూపించరు, స్క్రీన్ చూపిస్తారు. రంగు, చక్రాలు, సీట్లు, బ్రేకులు, చివరికి స్టీరింగ్ మీద కుట్టు దారం రంగు కూడా అడుగుతారు. టిక్కు పడిన ప్రతిసారీ పక్కన ధర పెరుగుతూ ఉంటుంది. బెంగళూరులో స్థిరపడిన మన తెలుగు ఇళ్ళలో ఇప్పుడు ఈ ఫారం నింపే వయసు పిల్లలున్నారు. వాళ్ళని చూసి పెద్దవాళ్ళు "మా కాలంలో ఇవన్నీ ఎక్కడివిరా" అంటారు. ఆ మాట సగమే నిజమని మేము అనుకుంటున్నాం. ఎంచుకోవడం అప్పుడూ ఉంది. ఎక్కడ, ఎప్పుడు ఎంచుకుంటామన్నదే మారుతూ వచ్చింది.

అసలు మొదట్లో కారంటేనే ఆప్షన్ల మూట. రోల్స్ రాయిస్ లాంటి కంపెనీ ఇంజను, ఛాసిస్ మాత్రమే అమ్మేది. బాడీ వేరేవాళ్ళు కట్టేవాళ్ళు. హైదరాబాద్ చౌమహల్లా పాలెస్‌కి వెళ్ళినవాళ్ళు అక్కడి పసుపుపచ్చ సిల్వర్ ఘోస్ట్‌ని చూసే ఉంటారు. లండన్‌లోని బార్కర్ కంపెనీ కట్టిన బాడీ అది, వెనక సింహాసనం లాంటి సీటు. ఆర్డరిచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. ఆయన 1911లో పోయారు, బండి చేతికొచ్చేసరికి ఏడో నిజాం ఏలుబడి మొదలైంది. అంత శ్రద్ధగా ఎంచుకున్న సీటులో ఎంచుకున్నాయన కూర్చోనే లేదు.

మన తాతల తరానికి వచ్చేసరికి కథ తిరగబడింది. లైసెన్సుల కాలంలో దేశం మొత్తానికి మూడే కార్లు: కలకత్తా వైపు నుంచి అంబాసిడర్, బొంబాయి నుంచి ఫియట్, మద్రాసు నుంచి స్టాండర్డ్ హెరాల్డ్. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురు చూడాలి. వంతు వచ్చినప్పుడు ఏ రంగు ఉంటే ఆ రంగు తీసుకోవాలి. అది వద్దంటే మళ్ళీ వరుసలో నిలబడాలి. కొన్న రోజే ఎక్కువ ధరకి అమ్ముకోగలిగిన సరుకు అది. అలాంటప్పుడు కంపెనీకి ఆప్షన్లు ఇవ్వాల్సిన అవసరం ఏముంది?

అందుకే ఆప్షన్లు జేసీ రోడ్డుకి వచ్చాయి. టౌన్‌హాల్ పక్కనుంచి పోయే ఆ రోడ్డు మీద స్పేర్ పార్టుల కొట్లు, సీట్లు కుట్టేవాళ్ళు, హారన్లు, అద్దాలు. పాత సామాను కావాలంటే శివాజీనగర్ గుజరీ. ఫియట్‌కి గేరు స్టీరింగ్ పక్కన ఉండేది, ముందు సీటు ఒకటే బెంచీ. హుషారైన కుర్రాళ్ళు గేరుని కిందికి దింపించి, బెంచీ తీయించి బకెట్ సీట్లు వేయించేవాళ్ళు. ఇంకా ముదిరితే హెడ్ చెక్కించి, రెండో కార్బురేటర్ పెట్టించి, సైలెన్సర్ మార్పించేవాళ్ళు. 1,089 సీసీ ఇంజను చేసే చప్పుడు చూస్తే అంతకు రెండింతలు ఉందనిపించేది. కానీ బ్రేకులు మాత్రం పాతవే. ఆ తరం వేగానికి ఖర్చు పెట్టినంత సులువుగా ఆగడానికి పెట్టలేదు. ముందు సీట్లకు బెల్టులు కొత్త కార్లలో తప్పనిసరి అయ్యిందే 1994లో.

ఈ ఊరు సొంత ప్రయత్నాలూ చేసింది. 1982లో సిపానీ వాళ్ళు ఇక్కడ తయారు చేసిన డాల్ఫిన్ నిజానికి ఇంగ్లండ్‌లోని రిలయంట్ కిట్టెన్. రెండు తలుపులు, ఫైబర్‌గ్లాస్ బాడీ, 848 సీసీ అల్యూమినియం ఇంజను. స్పోర్ట్స్ కారని ఎవరూ అమ్మలేదు, కానీ బరువు లేకపోవడం వల్ల ర్యాలీ వాళ్ళు ఎగబడి తీసుకున్నారు. మామూలు కుటుంబాలకి నాలుగు తలుపులు కావాలి. 1983 డిసెంబరులో మారుతి 800 రాగానే డాల్ఫిన్ పని అయిపోయింది. 1990ల చివర రైలు ఇంజన్లు చేసే శాన్ అనే బెంగళూరు కంపెనీ రెండు సీట్ల ఓపెన్ కారు 'శాన్ స్టార్మ్' తెచ్చింది. దానిదీ ఫైబర్ బాడీనే, ఇంజను రెనో 1,149 సీసీ. చూడముచ్చటైన బండి, కొన్నవాళ్ళు బహుతక్కువ.

కోయంబత్తూరులో ఇంకో దారి తొక్కారు. అక్కడి తెలుగు నాయుళ్ళ మిల్లు కుటుంబానికి చెందిన కరివర్ధన్ మారుతి 800 ఇంజనుతో ఒంటి సీటు రేసు కారు 'ఫార్ములా మారుతి' కట్టించారు. అందరికీ ఒకే బండి, ఆప్షన్లే లేవు. తేడా ఉంటే డ్రైవర్‌లో ఉండాలి. 2005లో ఫార్ములా వన్‌కి వెళ్ళిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ ఆ బళ్ళతోనే మొదలుపెట్టాడు. మాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా నచ్చిన ముక్క ఇదే.

జేసీ రోడ్డు దారిని కోర్టు మూసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన నమూనాకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. రంగు మార్చాలన్నా ఆర్‌సీలో రాయించుకోవాలి. "తర్వాత చూసుకుందాంలే" అనే మాట చెల్లే రోజులు పోయాయి. ఏది కావాలన్నా ఆర్డర్ ఇచ్చేటప్పుడే అడగాలి.

అడిగితే ఎంతవుతుంది? విదేశం నుంచి పూర్తిగా తయారై వచ్చే కారులో ఆప్షన్ కూడా కారు ధరలో భాగమే. జీఎస్టీ వచ్చాక చాలా ఏళ్ళు లెక్క ఇలా ఉండేది. 40,000 డాలర్లు దాటిన కారుకి కస్టమ్స్ సుంకం నూరు శాతం. అంటే లక్ష రూపాయల సీటు రెండు లక్షలు. దాని మీద 28 శాతం జీఎస్టీ, పెద్ద ఇంజనుకి 20 శాతం సెస్సు కలిపితే 2 లక్షల 96 వేలు. 20 లక్షలు దాటిన కారుకి కర్ణాటక లైఫ్ టాక్స్ 18 శాతం, మొత్తం దాదాపు మూడున్నర లక్షలు. డీలరు లాభం, చిల్లర సుంకాలు ఇందులో లేవు. పుదుచ్చేరి నంబరు ప్లేటుతో ఈ ఊళ్ళో ఖరీదైన కార్లు అన్ని ఎందుకు తిరిగేవో, ఆర్టీఓ వాళ్ళు వాటిని ఎందుకు ఆపేవాళ్ళో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది.

కాబట్టి ఇంట్లో అబ్బాయో అమ్మాయో ఫారం ముందు పెట్టుకుని కూర్చుంటే మేము చెప్పేది ఇదీ. పోర్షే 911 సంగతే తీసుకోండి. మీరు తెచ్చిన నమూనా రంగు వేసిచ్చే సదుపాయం ఉంది. నిజాం పసుపు మీద మోజుంటే అదీ అడగొచ్చు. కానీ అమ్మేటప్పుడు ఆ మోజుకి ధర కట్టేవాడు దొరకాలి. పెద్ద రిమ్ములు ఫోటోలో బాగుంటాయి. టైరు పక్కగోడ సన్నబడేకొద్దీ మన గుంటల్లో రిమ్ము దెబ్బ తింటుంది. సిరామిక్ బ్రేకులు కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే లాంటి చోట పదేపదే తొక్కేవాళ్ళకి పనికొస్తాయి, సిల్క్ బోర్డు జంక్షన్‌లో కాదు. సీటు మాత్రం బేరం పెట్టకండి. అరగంట కూర్చుని చూడండి, నడుము చెబుతుంది.

ఇక మామూలు కార్ల సంగతి. మన ఇళ్ళలో చాలామంది కొనేవి అవే కాబట్టి ఇదీ చెప్పాలి. ఏబీఎస్ బ్రేకులు 2019 ఏప్రిల్ నుంచీ, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ అదే ఏడాది జూలై నుంచీ తప్పనిసరి. పక్క సీటుకి 2022 దాకా కాదు. అంతవరకు అవి చాలా కార్లలో పై వేరియంట్‌తో వచ్చే ఆప్షన్లే. అదే డబ్బుకి అలాయ్ చక్రాలూ టచ్ స్క్రీనూ తీసుకున్న ఇళ్ళు ఎన్నో. ఆనాటి కార్లు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. మీరు వాడిన కారు కొంటుంటే ఏ ఏడాదిదో, ఏ వేరియంటో అడిగి మరీ చూడండి.

పెద్దవాళ్ళకి దుబారాగా కనిపించినా మేము గట్టిగా సమర్థించే టిక్కు ఒకటుంది. మీట నొక్కితే కారు ముందు భాగాన్ని కాస్త పైకి లేపే ఫ్రంట్ యాక్సిల్ లిఫ్ట్. జర్మనీలో దాన్ని గ్యారేజీ వాలు కోసం పెట్టుకుంటారేమో. ఇక్కడ మన వీధి మలుపులోని హంపు దాటాలంటే అది కావాలి. అది లేక, బండి కింద గీసుకుంటుందని వారానికోసారి కూడా బయటికి తీయని కార్లు ఈ ఊరి అపార్ట్‌మెంట్ల బేస్‌మెంట్లలో కవరు కప్పుకుని ఉన్నాయి.